శిస్తు లేని నేల

పాప ఆ గింజను నాలుగోసారి తవ్వి తీసింది. చిక్కుడు గింజ. రాత్రంతా గ్లాసులో నానబెట్టి, పొద్దున్నే దొడ్లో వేలెడు లోతు గుంత చేసి పెట్టింది. మట్టి కప్పింది. మగ్గుతో నీళ్ళు పోసింది. పది నిమిషాలకోసారి తీసి, కడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా రాలేదేంటమ్మా?" అని నన్నడిగి మళ్ళీ పెడుతోంది. తనకి నాలుగేళ్ళు. నేను బావి గట్టు మీద కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక సెమినార్ పేపరు దిద్దుకుంటున్నాను. ఆ గంటలో నేను దిద్దింది ఒక్క వాక్యం. గింజని మాత్రం నాలుగుసార్లు పలకరించాను.

కిందటి దసరా సెలవుల మాట ఇది. ఊరు తోటపల్లి గూడూరు. రైలు ఆగే గూడూరు వేరు. ఇది నెల్లూరికి తూర్పున, పెన్నా డెల్టా సముద్రానికి దగ్గరయ్యే వైపు ఉంటుంది. కోడూరు బీచికి వెళ్ళినవాళ్ళకి ఈ మండలం తెలిసే ఉంటుంది. అమ్మమ్మ పోయాక ఆ ఇంట్లో ఇప్పుడు అమ్మ ఉంటోంది. నేను పెరిగింది వేరేచోటే అయినా నా చిన్ననాటి దసరా సెలవులన్నీ ఈ దొడ్లోనే గడిచాయి.

నేను దిద్దుకుంటున్న పేపరు స్త్రీల ఆత్మకథల్లో ఇంటి స్థలం గురించి. అందులో ఒక పేరా అమ్మమ్మ దొడ్డి మీద. "పట్టా లేని, పద్దు లేని ఈ నేల మీద మా అమ్మమ్మ తన విత్తనాలతో తన చరిత్ర రాసుకుంది" అన్న వాక్యం రాసి కాస్త గర్వపడ్డాను కూడా. ఆ వాక్యాన్ని ఎందుకు కొట్టెయ్యాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

గేటు తీసుకుని వచ్చిన అవ్వ, పాప చేతిలో గింజ చూసి నవ్వింది. ఆమె ఒకప్పుడు అమ్మమ్మ ఇంట్లో పని చేసింది. ఇప్పుడు పనికి కాదు, అమ్మని చూసిపోవడానికి వస్తుంటుంది.

"శ్రావణంలో పెట్టాల్సిన ఇత్తనం ఇప్పుడు పెడతా ఉండారే" అంది.

"మొలవదా?" అన్నాను.

"మొలవకేం. ఎప్పుడు పెట్టినా పొద్దు కురచైతే పూస్తది. కాకుంటే తీగె సాగదు. బారెడు సాగి పూతకొస్తది, అంతే."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మొక్కలు ఎప్పుడు పూయాలో పగటి పొడవుని బట్టి తేల్చుకుంటాయని శాస్త్రం ప్రకటించింది 1920లో. గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల్ని చీకట్లోకి తీసుకెళ్ళి, వెలుగులోకి తెచ్చి తేల్చిన సంగతి అది. మన పాత పాదు చిక్కుడు అలాంటి కురచ పగటి మొక్క. చామంతి కూడా అంతే. నెల్లూరు అక్షాంశంలో ఏడాదిలోకెల్లా పెద్ద పగటికీ చిన్న పగటికీ మధ్య తేడా సుమారు గంటా నలభై నిమిషాలు. ఆ కాస్త తేడాని తీగె పసిగడుతుంది. తీగెని చూసి అవ్వ పసిగట్టింది. ఆషాఢంలో పెట్టినా, శ్రావణంలో పెట్టినా, ఇలా ఆలస్యంగా ఆశ్వయుజంలో పెట్టినా పూత కాలం దాదాపు అదే. తేడా అంతా ఆలోపు తీగె ఎంత పెరిగిందన్న దానిలోనే ఉంటుంది. ఇప్పుడు విత్తనాల కొట్లో పగటి పొడవుతో పని లేని పొట్టి చిక్కుడు రకాలు దొరుకుతున్నాయి. వాటితో పాటు ఈ జ్ఞానం అవసరమూ తగ్గిపోతోంది.

*

సాహిత్య విద్యార్థిని కదా, శరత్తు అనగానే నాకు ముందు పుస్తకాలే గుర్తొస్తాయి. మబ్బులు విడిపోయిన ఆకాశం, వెన్నెల, రెల్లుపూలు, తిరిగొచ్చే హంసలు. నన్నయ చివరి పద్యంగా పేరుపడ్డది శరత్కాలపు రాత్రుల పద్యమే. రాజమహేంద్రవరంలో కూర్చుంటే ఆ శరత్తు నిజమే. నైరుతి వానలు వెనక్కి మళ్ళి, గోదావరి తేటపడే కాలం. కానీ నెల్లూరులో? ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య రుతుపవనాల వల్ల పడుతుంది. తిక్కన ఊరు ఇదే. ఆయన వాకిట్లోంచి కనిపించిన ఆశ్వయుజ కార్తీకాలు చాలాసార్లు మబ్బు పట్టే ఉండి ఉంటాయి. పుస్తకం చెప్పిన రుతువు ఒకటి, నెత్తిన కురిసే రుతువు ఇంకొకటి. ఇక్కడి మట్టికి శరత్తు ముగింపు కాదు, మొదలు. నెల్లూరు మొలగొలుకుల ప్రాంతంలో వరి నాట్లు ఈ వానలతోనే సాగుతాయి. దొడ్లో కూడా అంతే. ఎండాకాలమంతా నెర్రెలిచ్చిన మట్టి మొదటి పెద్ద వానకి నానగానే తోటకూర, గోంగూర చల్లుతారు. బంతి నారు విడదీసి నాటుతారు. డిసెంబరం కొమ్మలు మొగ్గ వేస్తాయి. కాకర, పొట్ల తీగెలు ముదిరి విత్తనానికి వస్తాయి.

ఈ కాలానికి ఇంకో ముఖం తుఫాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి అమ్మమ్మ చెప్పేటప్పుడు ఇంటి పెంకులు ఎన్ని లేచిపోయాయో చెప్పి, వెంటనే సొర పందిరి కూలిన సంగతి చెప్పేది. రెండూ ఒకే గొంతుతో. పెంకులు పోతే నష్టపరిహారం రాసుకోడానికి ఎవరో ఒకరు వస్తారు. సొర పందిరి కోసం ఎవరొస్తారు?

పాపకి ఋతువుల గొడవ పట్టదు. తనకి కావలసింది ప్రతిదీ ఎక్కడి నుంచి వచ్చిందో. "ఈ బంతి ఎక్కడి నుంచి వచ్చింది?" మెక్సికో వైపు నుంచి వచ్చింది నాన్నా, సముద్రం దాటి. మిరప కూడా, టమాటా కూడా, గుమ్మడి కూడా. గోగు, బెండ ఆఫ్రికా నుంచి. "మరి మనది ఏది?" అంది. బీర, కాకర, పొట్ల అన్నాను. చిక్కుడు పూర్వీకులు కూడా ఆఫ్రికావే, కాకపోతే మరీ పాతకాలపు రాక. దక్కన్ నవీన శిలాయుగపు స్థావరాల్లో సుమారు 3,500 ఏళ్ళ కిందటి చిక్కుడు గింజలు మాడిన రూపంలో దొరికాయి. మన సంప్రదాయ పెరడు, మన సనాతన బంతిపూల దండ అని మురిసిపోయేవాళ్ళకి ఈ జాబితా ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది. ఓడ దిగిన బంతి మొక్కని గుమ్మానికి కట్టేదాకా తెచ్చిన చేతులెవరివి అన్నది మాత్రం ఏ ఓడ పత్రాల్లోనూ ఉండదు.

*

దొడ్డి చరిత్ర వెతుక్కోవాలంటే ఎక్కడికి పోవాలి? నేను ముందు పోయింది రెవెన్యూ పుస్తకాల దగ్గరికి. జాన్ బాస్వెల్ కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో మద్రాసులో అచ్చయింది. అలాంటి పుస్తకాల చూపు శిస్తు చూపు. నంజ ఎంత, పుంజ ఎంత, ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు, ఏ నేల ఏ తరగతి. రైత్వారీ పద్ధతిలో రాజ్యానికి నేల కనిపించేది పన్ను రూపంలోనే. ఇళ్ళు, వాటి వెనక దొడ్లు ఉన్న గ్రామకంఠానికి శిస్తు లేదు. శిస్తు లేదు కాబట్టి కొలవాల్సిన పని లేదు. కొలవలేదు కాబట్టి ఎవరి దొడ్డి ఎంతో, అందులో ఏం పండుతుందో రాయాల్సిన పనీ లేదు. చాలా ఊళ్ళలో గ్రామకంఠం మొత్తానికి ఒకే సర్వే నంబరు. అడంగల్లో వరి ఉంటుంది, వేరుశెనగ ఉంటుంది. దొడ్లో చిక్కుడు ఉండదు. గ్రామకంఠంలో ఇంటింటికీ హద్దులు గీసి కాగితం ఇచ్చే ప్రయత్నం దేశవ్యాప్తంగా మొదలైంది 2020లో, స్వామిత్వ పథకంతో.

అమ్మమ్మ మీద నా పేరా పుట్టింది ఈ ఖాళీలోంచే. రాజ్యం కంట పడని నేల, మగవాళ్ళు పట్టించుకోని నేల, అందుకే ఆడవాళ్ళకి దక్కిన నేల అని. ఇది పూర్తిగా తప్పు కాదు. పంట పొలం నిర్ణయాలు తాతయ్యవి. దొడ్లో ఏ మూల ఏ పాదు పెట్టాలో అమ్మమ్మ ఇష్టం. సొరకాయ ఎవరింటికి పంపాలి, ఎవరికి పంపకూడదు అన్నది కూడా ఆమె రాజకీయమే.

మరి మన సాహిత్యం? నా పరిశోధన తొలితరం స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన హిందూసుందరి దగ్గర్నుంచి 1928 నాటి గృహలక్ష్మి దాకా పేజీలు తిరగేసినదాన్ని. నా కళ్ళు చదువు కోసం, వితంతు వివాహం కోసం వెతికాయి. ఎక్కడైనా పెరడు తగిలి ఉంటే దాటిపోయాను. నోట్సు రాసుకోలేదు. ఈ తప్పు పత్రికలది కాదు, నాది.

స్త్రీవాదులుగా మనం వంటింటి గురించి చాలా రాశాం. విమల 'వంటిల్లు' చదవకుండా ఎవరం ఈ దారిలోకి రాలేదు. దొడ్డి మీద అంత రాయలేదు. తెలుగు స్త్రీల కథల్లో అందరికీ గుర్తుండే మొక్క ఏదంటే అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'లోదే. 1974 నాటి కథ. ఇంటి బయట స్వేచ్ఛగా పెరిగిన తురాయి చెట్టుకీ కుండీలో కుదించిన చెట్టుకీ ఉన్న తేడాతో ఆడపిల్లల పెంపకం గురించి ఆమె చెప్పిన తీరు మనకి కొత్త కళ్ళిచ్చింది. ఆ కథని తరగతిలో చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంది. కానీ మొక్క మనకి అక్కడి నుంచి ఉపమానంగానే మిగిలిపోయిందా అని నా అనుమానం. మొక్క అంటే స్త్రీ, వేరు అంటే సంస్కృతి, కుండీ అంటే పితృస్వామ్యం. నీళ్ళెవరు పోశారు, పేడ ఎవరు ఎత్తారు, ఎవరు తిన్నారు అన్న ప్రశ్నలు ఉపమానంలో ఇమడవు.

ఈ తీరం నుంచి రాసిన ఒక స్త్రీ మనకుంది. పొణకా కనకమ్మ (1892-1963). మినగల్లులో పుట్టి, తోటపల్లి గూడూరికి పొరుగున ఉన్న పొట్లపూడికి కోడలిగా వచ్చి, అక్కడే గ్రంథాలయం పెట్టి, నెల్లూరులో 1923లో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన మనిషి. పల్లెపాడులో 1921లో గాంధీ ప్రారంభించిన ఆశ్రమానికి భూమి సమకూర్చింది. ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' ఆమె పోయిన దాదాపు యాభై ఏళ్ళకి, 2011లో పుస్తకంగా వచ్చింది. భూమిని ఇచ్చిన స్త్రీకి చరిత్రలో ఇంత చోటు దొరకడానికే అన్నేళ్ళు పట్టింది. భూమిని తవ్విన స్త్రీ మాట చెప్పేదేముంది.

*

గింజ మొలిచే లోపు నేనొక చిన్న ప్రయోగం చేశాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వేలో తెల్లవారుజాము నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటి దాకా, అరగంటకొక గడి చొప్పున, మనిషి ఏం చేసిందో రాసుకుంటారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దాని మీద పెడుతున్నారని తేలింది. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకి తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఎవరి పని ఎవరు పంచుకున్నారో ఈ లెక్కలో నాకు అర్థం కాలేదు.

అలాంటి గడులు గీసుకుని నా ఉదయాన్ని నింపబోయాను. ఏడు నుంచి ఏడున్నర: పాపతో గోంగూర చల్లాను. ఇంట్లో వాడుకోడానికి కూర పండించడం ఆ సర్వే భాషలో సొంత వాడకానికి వస్తువుల ఉత్పత్తి. పిల్లని కనిపెట్టుకుని ఉండటం సంరక్షణ సేవ. దొడ్డి ఊడ్చి శుభ్రం చేయడం ఇంటి సేవ. పాప చేతిలోంచి కొడవలి లాక్కోడం? తనకి బీరపాదు చూపించి, ఇది ఆడపువ్వు, ఇది మగపువ్వు, చిన్న కాయ తొడిమతో ఉన్నది ఆడది అని చెప్పడం? సెమినార్ పేపరులో వాక్యం కొట్టి మళ్ళీ రాసుకోడం? ఒక అరగంటలో పదేసి నిమిషాల చొప్పున మూడు పనుల దాకా రాయొచ్చట. నా అరగంటలో పనులు పక్కపక్కన లేవు, ఒకదాని కడుపులో ఒకటి ఉన్నాయి. పిల్లతో తోటపని అంటే తోటపని సగం, పిల్ల పని సగం కాదు. రెండూ మొత్తం మొత్తమే. మొక్కకి పట్టే కాలం పిల్లకి నేర్పాలి, పిల్లకి ఉన్న ఓపికని మొక్కకి సరిపెట్టాలి. మా అమ్మ మాత్రం ఇదంతా చూసి, "ఆ గీతలు గీసే టైములో నాలుగు గిన్నెలు తోమొచ్చు" అంది.

కోస్తా జిల్లాల్లో శ్రావణ అమావాస్యకి, పోలాల అమావాస్య అని, పిల్లల తల్లులు కంద మొక్కకి పసుపుతోరం కట్టి పూజ చేస్తారు. కంద ఎందుకంటే దాని చుట్టూ పిలకలు వస్తాయి కాబట్టి. తల్లినీ పెరటి మొక్కనీ కలిపి చూసిన పండుగ నాకు తెలిసి ఇదొక్కటే. అయితే ఆ పూజలో తల్లి కోరుకునేది పిల్లల క్షేమం. కంద తవ్వితే చేతులు దురద పెడతాయన్న సంగతి కథలో రాదు.

*

అయిదో రోజు మొలక వచ్చింది. రెండు గింజాకులు మట్టిని నెత్తిన పెట్టుకుని వంగి లేచాయి. పాప అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అవ్వ కూడా ఆ పూట ఉంది.

"మా అమ్మమ్మ చిక్కుడు" అని పాపకి చెప్పాను. అమ్మమ్మ గింజల్ని బూడిదలో కలిపి పిడతలో పోసి మూత గుడ్డ కట్టేది. సొర, గుమ్మడి విత్తనాల్ని పేడముద్దలో పెట్టి గోడకి కొట్టేది. ఆ గోడ నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అమ్మ ఆ పిడతని అలాగే నిలబెట్టుకుంటూ, ఏటా పాత గింజలు తీసి కొత్తవి పోస్తోంది.

అవ్వ మెల్లగా అంది. "ఆ ఇత్తనం మా పుట్టింటిదమ్మా. పెళ్ళయ్యి ఈ ఊరికొచ్చినప్పుడు కొంగున కట్టుకొచ్చినా. మా ఇంటికాడ యాడ పెట్టేది? గోడ దాటితే దోవే. మీ అమ్మమ్మని అడిగి ఈడ పెట్టినా."

కోపంతో అనలేదు. గుర్తు చేసుకుంటూ అంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కాదనలేదు. "అవును, అది పెట్టిందే" అంది. పేడముద్దలు గోడకి కొట్టింది ఎవరని అడిగాను. అవ్వే. బావిలో నీళ్ళు చేది పాదులకి పోసింది? అవ్వే. పందిరి గుంజలు పాతింది అవ్వ మొగుడు. పొద్దున కసువు ఊడ్చి, ఆ కసువునే పాదుల్లో వేసింది అవ్వే. అమ్మమ్మ ఏం చేసింది? ఎక్కడ పెట్టాలో చెప్పింది. కాయలు కోసింది. పంచింది. కోసిన రోజు అవ్వకి కొంగులో నాలుగు దోసిళ్ళు పోసేది. అవ్వ చెప్పినప్పుడు ఆ నాలుగు దోసిళ్ళ మాట కృతజ్ఞతగానే చెప్పింది. తన విత్తనానికి తనకి దక్కిన పాలు అది.

నాకు ఇంకో సంగతి తెలిసింది ఆ పూటే. పాప వచ్చిన రోజు నుంచీ ఆమెని "అవ్వా" అని పిలుస్తోంది. ఎవరూ నేర్పలేదు, ముసలివాళ్ళందరూ తనకి అవ్వలే. నేను మాత్రం ఈ ముప్పై ఏళ్ళూ ఆమెని పేరు పెట్టే పిలిచాను. ఊళ్ళో మా వీధి పిల్లలందరం అంతే. దళితవాడ నుంచి వచ్చే మనిషికి వరస పెట్టాలని మాకెవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. వెల్లివాడల స్త్రీల గురించి పేపర్లు రాశాక కూడా తోచలేదు. ఈ వ్యాసంలో మొదటి నుంచీ నేను "అవ్వ" అని రాస్తున్నాను. పాప దగ్గర నేర్చుకున్నాను.

ఆలిస్ వాకర్ 1974లో 'మన తల్లుల తోటల్ని వెతుక్కుంటూ' అనే అర్థం వచ్చే పేరుతో రాసిన వ్యాసం మనలో చాలామందికి తెలుసు. నల్లజాతి తల్లులు రాయలేకపోయిన కవిత్వం వాళ్ళ పూలతోటల్లో ఉందని ఆమె అంది. నా పేపరులో ఆ వాక్యపు నీడ ఉంది. కానీ వాకర్ తల్లి జార్జియాలో పొలాల్లో కూలి చేసి వచ్చి, మిగిలిన వెలుతురులో తన తోట తనే తవ్వుకున్న మనిషి. నేను ఆ వాక్యాన్ని తెచ్చి, నీళ్ళు చేదడానికి ఇంకొకరు ఉన్న ఇంటికి తొడిగాను. 'నల్లపొద్దు' 2003లో వచ్చినప్పుడు కొని, చదివి, ఫుట్‌నోట్లలో వాడుకున్నదాన్నే. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు విత్తనాల బుట్టలతో నిలబడితే ఈ విత్తనం ఎవరిదో ఊరికి తెలుసు. మా ఇంట్లో పిడత మా అమ్మమ్మది కాబట్టి లోపలి గింజా ఆమెదే అయిపోయింది. రెవెన్యూ శాఖ రాయని చరిత్ర నేను రాస్తున్నాననుకుంటూ, పట్టాదారు పేరే మళ్ళీ రాశాను. కాకపోతే తాతయ్య పేరు బదులు అమ్మమ్మ పేరు.

అమ్మమ్మని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఇంట్లో ఆమెకి సొంతమని చెప్పుకోడానికి ఇంకేమీ లేదు. ఆ దొడ్డి ఆమెకి ఊపిరి. ఆ ఊపిరికి ఇంకొకరి రెక్కలు అరిగాయి. ఈ రెండు వాక్యాల మధ్య "కానీ" పెట్టాలా "మరియు" పెట్టాలా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

*

బావి గట్టు మీద కూర్చున్నానన్నాను గానీ, ఆ బావి నీళ్ళు ఎవరూ వాడరు. ఉప్పు. నా చిన్నప్పుడు ఆ నీళ్ళే తాగాం. 1990ల మొదట్లో ఈ తీరమంతా రొయ్యల గుంటలు వచ్చాయి. మా మామయ్య కూడా రెండెకరాలు కౌలుకిచ్చాడు, కాబట్టి ఈ కథలో మేం బాధితులమే కాదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పులో, చుట్టూ గుంటలు రావడంతో నెల్లూరు జిల్లాలో ఒక మత్స్యకారుల పల్లెలో 600 మందికి తాగునీరు లేకుండా పోయిందన్న ప్రస్తావన ఉంది. తాగునీరు పోవడం కోర్టు దాకా వెళ్ళింది, సంతోషం. దొడ్లో పాదులు చచ్చిపోవడం ఎక్కడికీ వెళ్ళలేదు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక గుంటలు మళ్ళీ జోరందుకున్నాయి. చిక్కుడు చవుడుని తట్టుకోదు. ఇప్పుడు అమ్మ కుళాయి నీళ్ళు పట్టి బకెట్లలో దాచి నాలుగు పాదులకి పోస్తుంది. పాప అయితే ఒకరోజు వంటింట్లో ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను వంచి, చెంబుతో తెచ్చి మొలకకి పోసింది. అరవబోయి ఆగాను. అది మంచి నీళ్ళే కదా, మొక్కకి కావలసింది అదే.

మన పత్రికల్లో నెల్లూరు అంటే 1992. దూబగుంట, సారా పాటల్ని ఆపిన ఆడవాళ్ళు. అది కూడా ఒక శరత్తే. సారా దుకాణం ముందు నిలబడ్డ స్త్రీని మనం చూశాం, ఆమె మీద పుస్తకాలు వేశాం. తర్వాత పదేళ్ళలో ఆ పక్క ఊళ్ళలోనే బావులు ఒకటొకటిగా ఉప్పెక్కుతుంటే ఆమె ఎక్కడి నుంచి నీళ్ళు మోసుకొచ్చిందో మనం అంతగా వెంటపడి చూడలేదు.

సెలవులు అయిపోయే ముందు రోజు పాపని తీసుకుని అవ్వ ఇంటికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళలో ఆమె ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. పాత వాడలో కాదు, కొత్త కాలనీలో. 2020 డిసెంబరులో పల్లెల్లో ఒకటిన్నర సెంటు చొప్పున ఇళ్ళ స్థలాలు పంచినప్పుడు పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా. అవ్వ కోడలి పేరు మీద ఒకటి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక దాచిన ఆ కాగితాన్ని కోడలు నాకు చూపించింది. ఆడమనిషి పేరు, ఆమె ఫొటో, హద్దులు. నేను రెవెన్యూ పుస్తకాల్లో ఎంత వెతికినా కనిపించని దృశ్యం అది. చేతిలో పట్టుకుంటే గొంతు పూడుకుపోయింది.

ఒకటిన్నర సెంటు అంటే 72 గజాల చిల్లర. రెండు గదులు, వంట చేసుకునే చోటు, బాత్రూము కట్టుకుంటే గోడకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మిగిలింది. అమ్మమ్మ దొడ్డికి పేరు లేదు, నేల ఉంది. కోడలి నేలకి పేరుంది, దొడ్డి లేదు. కొత్తగా ఇచ్చే స్థలాలు పల్లెల్లో మూడు సెంట్లని తర్వాతి ప్రభుత్వం చెప్పింది. ఇప్పటికే కట్టుకున్నవాళ్ళకి అది పనికొచ్చే మాట కాదు.

అయినా అవ్వ ఊరుకోలేదు. సందు చివర ఒక పాత పెయింటు డబ్బా, అడుగున మేకుతో పొడిచిన చిల్లులు, అందులో చిక్కుడు. శ్రావణంలోనే పెట్టింది. తీగె తాడు పట్టుకుని ఎక్కి, స్లాబు మీద పాకి, పిట్టగోడ లేని పక్కింటి స్లాబు మీదికీ వెళ్ళిపోయింది. ఊదారంగు పూత అప్పుడే మొదలైంది.

"పక్కింటివాళ్ళు ఏమీ అనరా?" అన్నాను.

"ఏమంటారు? వాళ్ళ మిద్దె మీద కాసింది వాళ్ళు కోసుకుంటారు. మా మిద్దె మీదది మేం."

పాప మెట్లు లేని గోడకి ఆనించిన నిచ్చెన ఎక్కుతానని పేచీ పెట్టింది. కోడలు తనని ఎత్తుకుని ఎక్కించింది. నేను కింద నిలబడి పైకి చూస్తున్నాను. పైనుంచి పాప అడుగుతోంది, "అవ్వా, నా చిక్కుడు కూడా ఇంత పెద్దదవుతుందా?"

"అవ్వదు నాయనా. నీది బారెడే. ఆలస్యంగా పెట్టినావు గదా" అంది అవ్వ. "కాయ మాత్రం ఇదే కాయ."